బండకింది రాజ్యానికి ఐదో సంపుటం

కోవిడ్ తర్వాత గ్రంథాలయాలు మళ్లీ తెరిచిన ఏడాది, జూన్ నెలలో నన్ను నంద్యాల ప్రధాన గ్రంథాలయం నుంచి ఆళ్లగడ్డ శాఖకు బదిలీ చేశారు. మాది ప్రభుత్వ సంస్థ కాదు, ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయాలు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. నా హోదా సీనియర్ లైబ్రేరియన్. నంద్యాల నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. అప్పటికే మోకాళ్ల నొప్పులు మొదలవడంతో, చేరిన ఆరు నెలలకే నన్ను తిరిగి నంద్యాలకు వేయమని కార్యదర్శి గారికి అర్జీ పెట్టుకున్నాను. ఆ అర్జీ సంగతి ముందే చెప్పడం న్యాయం.

మరుసటి ఏడాది ట్రస్టు ఒక నిర్ణయం తీసుకుంది. తాను సాయం చేసే బడులన్నిటికీ ఒక పెద్ద కాల్పనిక గాథను పూర్తి సెట్టుగా ఇవ్వాలని. రాజ్యాలు, మాయలు, యుద్ధాలతో సంపుటాల కొద్దీ సాగే నవలలన్నమాట. పిల్లలు అలాంటి కథలు ఫోన్లలో చూస్తున్నారు, పుస్తకంగా కూడా చదవాలన్నది ఉద్దేశం. ఉన్నవాటిలో ఏది ఉత్తమమో తేల్చడానికి ఎంపిక సంఘం వేశారు. కార్యదర్శి అధ్యక్షుడు, ఇద్దరు విశ్రాంత అధ్యాపకులు సభ్యులు, నేను కన్వీనరును. పుస్తకాలన్నీ చదివి, పోల్చి నివేదిక రాయడం కన్వీనరు పని. నిర్ణయం సంఘానిది.

వడపోత తర్వాత రెండు మిగిలాయి. ఒకటి ‘సప్తఖడ్గ చరిత్ర’. నగరంలో పేరున్న రచయితది. ఏడు లావుపాటి సంపుటాలు, ప్రతిదాని అట్ట లోపల దేశపటాలు, చివర వంశవృక్షాలు. రెండోది ‘బండకింది రాజ్యం’. నాలుగు సంపుటాలు వచ్చాయి, ఐదోది రావాలి. రాసినాయన దానియేలు. బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో మేస్త్రీ. భార్య ఆళ్లగడ్డలో టీచరు కావడంతో శనివారం సాయంత్రం వచ్చి, ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక మా లైబ్రరీలో కూర్చునేవాడు. మాకు సెలవు శుక్రవారం.

ఆయన కథలో గని అడుగున ఒక జాతి బతుకుతుంటుంది. పైన మనుషులు ఒక పొర బండ తీసినప్పుడల్లా కింద వాళ్ల భాషలోంచి ఒక మాట మాయమవుతుంది. మొదటి సంపుటంలో ‘అన్న’ అనే మాట పోతుంది. ఒక పిల్ల తన అన్నను ఎదురుగా పెట్టుకుని ఏమని పిలవాలో తెలియక నిలబడిపోయే పేజీ ఉంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి పేజీలు నేను ఎక్కువ చూడలేదు.

పోల్చడానికి నాకు ఒక పద్ధతి ఉంది. ప్రతి పుస్తకం చివరి అట్టకు, అది ఎప్పుడెప్పుడు బయటికి వెళ్లిందో ముద్ర వేసే కాగితం అంటించి ఉంటుంది. డేట్ స్లిప్ అంటాం. సంపుటాలుగా వచ్చే కథల విషయంలో మొదటిది ఎన్నిసార్లు వెళ్లిందన్నది లెక్కలోకి రాదు. అట్ట బొమ్మ చూసి కూడా తీసుకెళ్తారు. దాని తర్వాత రెండోదానికి ఎంతమంది తిరిగి వచ్చారు, చివరిదాకా ఎవరు మిగిలారు అన్నదే చూడాలి. సప్తఖడ్గం మొదటి సంపుటం స్లిప్పు నిండిపోయి మీద మరొకటి అంటించాము. ఐదో సంపుటం దగ్గరికొచ్చేసరికి ఇద్దరే మిగిలారు. ఒకరు నేను. దానియేలు పుస్తకాల విషయంలో మొదటిది తీసుకెళ్లినవాళ్లు దాదాపు అందరూ నాలుగూ చదివారు. ఇంకా అచ్చే కాని ఐదోదానికి రిజర్వేషన్ పుస్తకంలో పేర్లు రాసి వెళ్లారు.

సప్తఖడ్గం చివరిదాకా చదివిన రెండో మనిషి గురవయ్య. నల్లమల చెంచు కుటుంబం, అడవిలో వాచరు ఉద్యోగం. వారానికి రెండు పుస్తకాలు పట్టుకెళ్లేవాడు. రెండింట్లో ఏది మేలని అడిగాను.

“ఏడు పుస్తకాలు అడివిలోనే తిరిగిరి మేడం. ఒక్కనికీ దప్పిక గాల్యా,” అన్నాడు. “దానియేలన్న దాంట్లో కిందికి దిగేటోడు ముందు నీళ్లు యాడుండాయో అడుగుతాడు. అట్లాటోని ఎనకాల ఎంత దూరమైనా పోబుద్దయితాది.”

ఆ మాటను, స్లిప్పుల వివరాన్ని కలిపి నివేదికలో ఒక పేజీ రాశాను. ఆ పేజీ చివరే దానియేలు పుస్తకాలకు నా సిఫారసు ఉంది.

సమావేశం నంద్యాలలో. ముందురోజు కార్యదర్శి గారు పిలిపించారు. బల్ల మీద పుస్తకాలు పంచే సభ ఆహ్వానపత్రం నమూనా ఉంది. ముఖ్య అతిథిగా సప్తఖడ్గం రచయిత పేరు అప్పటికే అచ్చులో ఉంది. ఆయన దాన్ని దాచలేదు, దాని గురించి మాట్లాడనూ లేదు.

“ఆ స్లిప్పుల పేజీ తీసేయండి మేడం. అది ఆఫీసు పని. మనం సాహిత్యం గురించి మాట్లాడతాండాం,” అన్నారు. నివేదిక నా చేతికిచ్చి, “మీ అర్జీ గూడా చూస్తాండా,” అన్నారు.

ఆ పేజీ తీసేశాను. ఎవరూ నా చేయి పట్టుకుని తీయించలేదు.

మర్నాడు చర్చ బాగానే జరిగింది. మొదటి అధ్యాపకుడు విస్తృతే కొలమానమన్నారు. ఎన్ని రాజ్యాలు, ఎన్ని తరాలు, ఎంత చరిత్ర కల్పించగలిగాడన్నదాన్ని బట్టే గాథ స్థాయి తెలుస్తుందని వాదించారు. రెండో ఆయన ఒప్పుకోలేదు. లోకం ఎంత పెద్దదైనా దానిలో మాయకు మూల్యం ఉండాలి, ఊరికే మంత్రం వేస్తే పని జరిగిపోయే కథలో పాఠకుడికి భయం ఉండదు అన్నారు. ఆయన మొగ్గు దానియేలు వైపని అర్థమైంది. ఆయనే నన్ను అడిగారు, మీరేమంటారని.

నేను ఎన్నాళ్లుగానో నమ్మిన మాటే చెప్పాను. సంపుటాలుగా సాగే కథను చివరిది చదివేదాకా తూచలేమని, మొదలుపెట్టడం చాలామందికి వచ్చునని, ముగింపులోనే రచయితకు తన కథ తెలుసో లేదో బయటపడుతుందని. సప్తఖడ్గాన్ని ఉద్దేశించే అన్నాను. దాని ఏడో సంపుటంలో ఆకాశం నుంచి ఒక దేవత దిగి అన్ని చిక్కులూ ఒక్క పూటలో విప్పేస్తుంది. ఆ ముక్క చెప్పబోయేలోపు కార్యదర్శి గారు అందుకున్నారు.

“మేడం సరిగ్గా చెప్పినారు. దానియేలుది ఇంగా ముగియనే ల్యా గదా. ముగియనిదాన్ని యాడ తూస్తాం?”

మిగతా సగం చెప్పడానికి నాకు వ్యవధి ఉంది. టీ వచ్చింది, తాగాం, అయినా చెప్పలేదు. రెండో అధ్యాపకుడు నా వైపు చూసి, సప్తఖడ్గానికే సంతకం చేశారు. సమావేశంలో తేలింది రాసిపెట్టే మినిట్స్ నేనే రాశాను. ‘బండకింది రాజ్యం: అసంపూర్ణం, విస్తృతి తక్కువ, యుద్ధ ఘట్టాలు లేవు.’ నెల తిరక్కముందే నంద్యాల బదిలీ ఉత్తర్వు చేతికొచ్చింది.

నిర్ణయాన్ని రచయితకు తెలియజేయడం కన్వీనరు బాధ్యత. ఆళ్లగడ్డలో నా చివరి ఆదివారం దానియేలుకు మినిట్స్ చదివి వినిపించాను. ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి మూడు కారణాలూ రాసుకున్నాడు.

“మీరు గూడా ఇదే అంటారా మేడం?” అని అడిగాడు.

సంఘం అభిప్రాయమే నా అభిప్రాయమన్నాను.

“మీరంటే నమ్మాల్సిందే. పుస్తకాల్లోనే బతికినారు. ఐదోది అయిపోవచ్చింది. చివర్న నలుగురు బాయికాడ కుచ్చోని, పోయిన మాటలు తలా ఒకటి గ్యాపకం తెచ్చుకుంటాంటారు. అంతే. అది సాలదన్నమాట,” అన్నాడు. కోపం లేదు. మేస్త్రీ పని ఎక్కడ తప్పిందో చూసుకున్నట్టుగా మాట్లాడాడు.

ఏడాదిన్నర తర్వాత ఐదో సంపుటం నంద్యాలకు పోస్టులో వచ్చింది. లోపలి పేజీలో నా పేరు రాసి, ‘మీ సూచనల ప్రకారం’ అని సంతకం చేశాడు. మిగతా నాలుగూ కలిపినంత లావు. అట్ట లోపల దేశపటం, చివర వంశవృక్షం, మధ్యలో మూడు యుద్ధాలు. గని అడుగు జనం నాటకంలో రాజుల్లాగా మాట్లాడుతున్నారు. బావి దగ్గర ఎవరూ కూర్చోలేదు. పాత ముగింపు కాగితాలు ఉన్నాయా అని ఫోన్ చేసి అడిగాను. “తప్పని తెలిసినాక ఎందుకు పెట్టుకుంటా మేడం, పాత పేపర్లాయనకు ఏసేస్తి,” అన్నాడు.

స్టాకు తనిఖీకి ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు గురవయ్య ఆ పుస్తకం వాపసు ఇస్తూ కనిపించాడు. “ఇది ఆయన రాసింది గాదు మేడం. ఎవరో సెప్తాంటే రాసినట్లుండాది,” అన్నాడు. ఎవరు చెప్పారో ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. ఆ పుస్తకం స్లిప్పు మీద గురవయ్య తీసుకెళ్లిన తేదీ తర్వాత మరో ముద్ర పడలేదు. ట్రస్టు బడులకు పుస్తకాలివ్వడం మొదటి ఏడాదితోనే ఆపేసింది.

పదవీ విరమణ చేసిన నెలలో బేతంచెర్ల వెళ్లాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి జరిగిందంతా, అర్జీతో సహా, దానియేలుకు చెప్పాను. ఒళ్లంతా తెల్లని బండదుమ్ముతో విన్నాడు.

“ఈ మాట ఆ పొద్దే అనింటే అయిపోయేది. బడులకు తీసుకోకపోయినా నా పుస్తకం నాకుండేది,” అన్నాడు. తర్వాత, “ఇంగ రావద్దు మేడం,” అని మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన ఏమీ రాయలేదని విన్నాను.

ఉత్తమమైన గాథ ఏదన్న చర్చలో ఓడినంత మాత్రాన ఏ పుస్తకమూ చెడిపోదు. కానీ చదవడమే వృత్తిగా ఉన్న మనిషి ఒక కారణం చెబితే, రచయిత దాన్ని నిజమనుకుని పుస్తకాన్ని దిద్దుకుంటాడు. ఎంపిక సంఘాల్లో కూర్చునేవాళ్లు తాము నమ్మని కారణాన్ని ఎవరికీ రాసి ఇవ్వకూడదు. ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, కారణం చూపకుండా ‘ఎంపిక కాలేదు’ అని మాత్రమే రాయాలి. నిబంధనలు అందుకు ఒప్పుకునేవి. అది నాకు ఆనాడే తెలుసు.