ట్రెబుల్ పది మీద

మా పక్కింటి స్కాట్లండ్ ఆయన ఒకప్పుడు రాక్ గాయకుడని తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అంతవరకూ నాకు తెలిసిందల్లా ఆయన వాకిట్లో మంచు తీస్తూ మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటాడని, నన్ను చూసినప్పుడల్లా "లాస్" అని పలకరిస్తాడని. ఆ యాసలో మిగతా మాటలేవీ నాకు అందేవి కావు. లాస్ అంటే నష్టం అనుకున్నాను. పాపం ఏం నష్టపోయాడో, రోజూ అదే మాట అంటున్నాడని మా ఆయనతో అన్నాను కూడా. వాళ్ల వైపు ఆడపిల్లని అలా పిలుస్తారని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు.

నేను ఇక్కడ కెనడాలో, కేంబ్రిడ్జి అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు టంకం పెడతాను. ఎనిమిది గంటలు భూతద్దం కింద తల వంచుకుని కూర్చోవాలి. ఇంటికొచ్చేసరికి కళ్లు మండుతుంటాయి, మెడ ఒకవైపుకే తిరుగుతుంది. ఒక ఏప్రిల్ సాయంత్రం అలా కారు దిగుతుంటే ఆయన కంచె అవతలి నుంచి నా యూనిఫామ్ చూసి, అక్కడ ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పాను. లోపలికి వెళ్లి ఒక చిన్న ఇనుప డబ్బా తెచ్చాడు. కాలితో నొక్కితే గిటారు గరగరలాడేలా చేసే పెడల్ అది. లోపల ఒక వైరు ఊడింది, అంతే. పది నిమిషాల పని. ఆయన దాన్ని పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నాడు.

మరుసటి వారం ఆయన గిటారు ఆంప్లిఫయర్ వచ్చింది. ఆయన ఒకవైపు, మా ఆయన ఒకవైపు పట్టుకుని మా గరాజ్‌లోకి మోశారు.

"ఇదేంటే బాబూ, ఫ్రిజ్ కన్నా బరువుంది!" అన్నారు మా ఆయన నడుం పట్టుకుని. ఆయన వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు. చేత్తో ఎత్తడం అలవాటు తప్పింది.

వెనక రేకు విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. లోపల వరసగా పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు. నాకు ఒక్కసారి మా నాన్న గుర్తొచ్చాడు. కాకినాడలో ఆయనకు మైకుసెట్ల షాపు ఉండేది. పెళ్లిళ్లకి, చర్చి కన్వెన్షన్ కూడికలకి అద్దెకిచ్చేవాడు. ఇలాంటి వాల్వుల పెట్టెలే రెండుండేవి. ఆపేసిన పెట్టెలో కూడా కరెంటు నిలవ ఉంటుంది, ఎప్పుడూ ఒక చెయ్యి వెనక్కి పెట్టుకునే ముట్టుకోవాలని మాకు నేర్పాడు. నేను ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకోవడం చూసి పక్కింటాయన నవ్వాడు.

"నీకు ఎవరో సరైనవాళ్లే నేర్పారు" అన్నాడు.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు నేను పని చేస్తుంటే ఆయన ఒక ప్లాస్టిక్ బకెట్ బోర్లించుకుని దానిమీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. అలా ముక్కలు ముక్కలుగా ఆయన జీవితం నాకు తెలిసింది. గ్లాస్గో దగ్గర ఓడలు కట్టే ఊరు. తండ్రి ఓడల్లో వెల్డర్. పందొమ్మిదో ఏట ఒక ఎర్ర గిటారు కొన్నాడు. నలుగురు కలిసి బ్యాండు పెట్టారు. ఒక పాట రేడియోలో బాగా మోగింది. ఒక వేసవి అంతా రోడ్డు మీద జనం గుర్తుపట్టేవారట. తర్వాతి పాటలు ఎవరికీ గుర్తులేవు. పెద్ద బ్యాండుల కన్నా ముందు అరగంట పాడే పని, బస్సుల్లో నిద్ర, చల్లారిన ఫ్రెంచ్ ఫ్రైస్. అలా కెనడా వచ్చారు. ఎడ్మంటన్‌లో డ్రమ్మర్ మానేశాడు, మేనేజరు ఫోన్ ఎత్తడం మానేశాడు. మిగతావాళ్లు విమానమెక్కారు. ఈయన ఉండిపోయాడు.

"ఎందుకుండిపోయారు అంకుల్?" అని అడిగాను.

"అలిసిపోయాను. సామాను మళ్లీ విమానంలో వేసే ఓపిక లేకపోయింది."

ఎడ్మంటన్‌లో చమురు బావుల పనివాళ్లు తాగే బార్లలో పదేళ్లు పాడాడు. అక్కడే ఒక నర్సుని పెళ్లి చేసుకున్నాడు. తర్వాత మాంట్రియల్, తర్వాత ఇక్కడ పిల్లలకు గిటారు పాఠాలు. భార్య పోయి నాలుగేళ్లయింది. కూతురు ఎడ్మంటన్‌లో ఉంటుంది. కార్లు మారాయి, బ్యాండులు మారాయి, ఇళ్లు మారాయి. ఆ ఆంప్లిఫయరూ ఆ ఎర్ర గిటారూ మారలేదు. గిటారు మెడ ఒకసారి విమానాశ్రయంలో విరిగితే అతికించారు. ఆ అతుకు మీద బొటనవేలు ఆనే చోట గుంట పడింది. వెనక వైపు బెల్టు బకిల్ రాసుకుని రంగు పోయి చెక్క బయటపడింది. ఇప్పుడు వేళ్లు నొప్పెడుతున్నాయని అన్నిటికన్నా సన్నటి తీగలు వేసుకుంటున్నాడు.

నెలకు రెండు శనివారాలు మధ్యాహ్నం పూట, ఊళ్లో రిటైరైన సైనికుల క్లబ్బు హాల్లో ముగ్గురు వాయించేవారు. నన్నూ మా ఆయన్నీ రమ్మంటే వెళ్లాం. ఆయన గొంతు బాగుంది. బొంగురుగా, అలసటగా ఉన్నా తగలాల్సిన చోట తగిలేది. కానీ ఆ గిటారు! చెవిలో సూది పెట్టి తిప్పినట్టుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఒక ముసలావిడ పేపర్ న్యాప్‌కిన్ చింపి చెవుల్లో కుక్కుకుంది. ఆంప్లిఫయర్ మీద పైస్వరాల్ని పెంచే ట్రెబుల్ నాబ్ పది మీద ఉంది. ఆ పైన ఇంకేమీ లేదు.

అయిపోయాక పార్కింగ్‌లో బేస్ గిటారు వాయించే ఆయన నన్ను ఆపాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి.

"ఆయనకి పైస్వరాలు వినపడటం లేదు" అన్నాడు. "మాకు తెలుసు. చెప్పలేం. ఇంకో కంప్లైంట్ వస్తే శనివారాలు ఆపేస్తామని హాలువాళ్లు అన్నారు. నువ్వు ఆ పెట్టె లోపల ఏదైనా చెయ్యగలవా?"

చెయ్యగలను. పైస్వరాల్ని సగానికి దింపే చిన్న నీలం కెపాసిటర్ ఒకటి వేస్తే చాలు. నాబ్ పది మీద ఉన్నా శబ్దం ఐదు మీద ఉన్నట్టే ఉంటుంది. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను.

"ఆయనకి చెప్పకుండా చెయ్యడం తప్పు కదే?"

"చెప్తే బాధపడతారండి."

"రేపు తెలిస్తే ఇంకా బాధపడతాడు. నీ ఇష్టం."

నిజం చెప్పాలంటే ఆ వారం ఓవర్‌టైమ్ చేసి ఉన్నాను. ఒక పెద్దాయన ఎదురుగా కూర్చుని మీకు చెవులు పోతున్నాయని చెప్పే ఓపిక నాలో లేదు. కెపాసిటర్ వేసే ఓపిక ఉంది. వాల్వులు మార్చడానికి పెట్టె వచ్చినప్పుడు వేసేశాను.

శనివారాలు బాగుపడ్డాయి. ముందు వరసలు నిండాయి. "ఈమధ్య హాలు నాతో మంచిగా ఉంటోంది" అన్నాడాయన ఒకరోజు కంచె దగ్గర. నేను చెత్తడబ్బా సర్దుతున్నట్టు తల దించుకున్నాను. మూడు నెలలు అలా గడిచాయి.

నవంబరులో ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఆయన మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. కాళ్లకు ఇంట్లో తొడుక్కునే చెప్పులే ఉన్నాయి. ఫ్యూజు కాలితే తనే వెనక రేకు విప్పాడట. ఫోన్‌లో ఫోటో చూపించాడు. పాత గోధుమరంగు ముక్కల మధ్య నా నీలం బొట్టు.

"ఇది నాది కాదు. ఎవరిది?"

"నాదే అంకుల్."

"ఎవరు వెయ్యమన్నారు?"

బేస్ ఆయన పేరు చెప్పలేదు. "నాకే అనిపించింది" అన్నాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "నన్ను జనం తిట్టారు. సీసాలు విసిరారు. పాట మధ్యలో కరెంటు తీసేశారు. అన్నీ నా మొహం మీదే చేశారు. నా వెనక నా మీద జాలిపడింది నువ్వొక్కదానివే."

వెళ్లిపోయాడు. లోపలికొచ్చి కోటు కూడా విప్పకుండా సోఫాలో కూర్చున్నాను. మా ఆయన ముందే చెప్పానని అనలేదు. టీ పెట్టి తెచ్చారు.

ఆరు వారాలు మాటల్లేవు. శనివారాలు ఆగిపోయాయి. జలుబు చేసిందని అందరికీ చెప్పాడట. మంచు పడింది. ఎదురుపడినా తల తిప్పుకుని పార పట్టుకునేవాడు. ఆయన వాకిలి మా ఆయన తీయబోతే వద్దని చేత్తో సైగ చేశాడు.

జనవరిలో బెల్లు మోగింది. చేతిలో ఒక కాగితం. వినికిడి పరీక్ష చేయించుకున్నాడు. కాగితం మీద గీత సగం దాకా తిన్నగా వచ్చి అక్కణ్నుంచి గోడ దిగినట్టు కిందికి పడిపోయింది.

"చాలా ఏళ్లుగా నాకు పక్షుల అరుపులు వినపడటం లేదట" అన్నాడు. "ఈ ఊళ్లో పక్షులు తక్కువనుకున్నాను."

"సారీ అంకుల్" అన్నాను.

"సారీ సరే. ఆ నీలంది తీసెయ్. పెట్టె ఎలా ఉండేదో అలా చెయ్. నువ్వు హాల్లో మూడో వరసలో కూర్చో. ఎక్కువైతే వేలు కిందికి చూపించు. తక్కువైతే పైకి. నా మొహం మీదే చెప్పు."

చెవి మిషన్లు కొన్నాడు కానీ వాటితో గిటారు రేకుడబ్బాలా వినిపిస్తోందని వాయించేటప్పుడు తీసి జేబులో వేసుకునేవాడు. అలా రెండు చలికాలాలు నేను మూడో వరసలో కూర్చున్నాను. తనకు వినపడని శబ్దాన్ని నా వేలు చూసి సరిచేసుకునేవాడు. ఒక్కోసారి "మరీ అంత తక్కువా?" అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసేవాడు. నేను తల ఊపేదాన్ని.

అదంతా ఆనందంగా చేశానంటే అబద్ధం. నాకు దొరికేదే శని ఆదివారాలు. బట్టలు ఉతికే పని మా ఆయన మీద పడింది. కొన్ని వారాలు ఎందుకు ఒప్పుకున్నానా అని విసుక్కుంటూ బూట్లు తొడుక్కునేదాన్ని. ఒకసారి అయిదు రోజుల ఓవర్‌టైమ్ తర్వాత వెళ్లి, రెండో పాటకే కుర్చీలో నిద్రపోయాను. చెవిలో ఈల వేసినట్టు కీచుమంటే ఉలిక్కిపడి లేచాను. హాలంతా నవ్వుతోంది.

"మా ఇంజినీరు పడుకుంది" అన్నాడాయన మైకులో. "మేల్కొలపడానికి పది మీద పెట్టాల్సొచ్చింది."

నేను వేలు కిందికి చూపించాను. మళ్లీ నవ్వారు.

పోయిన ఏడాది వసంతంలో ఆయన వేళ్లు మొండికేశాయి. ఒక శనివారం మూడో పాట మధ్యలో చెయ్యి తీగల మీద ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగింది. అప్పుడు మిగిలిన పాటని గిటారు లేకుండా, బేస్ ఒక్కటే తోడుగా నిలబడి పాడాడు. అయ్యాక వంగి ఆంప్లిఫయర్ తనే ఆపేసి, వచ్చినందుకు థాంక్స్ అని చెప్పి దిగాడు. దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు. ఆ చేతిలో బరువే లేదు.

ఇల్లు అమ్మేశాడు. సామాను సర్దడానికి కూతురు ఎడ్మంటన్ నుంచి వచ్చింది. ఆంప్లిఫయర్‌ని మాంట్రియల్‌లో బ్యాండు నడిపే ఒకమ్మాయి వ్యానులో వచ్చి తీసుకెళ్లింది. గోడ పక్కన అలంకారానికి పెట్టొద్దని, వాయించాలని మాత్రం ఆయన చెప్పాడు. వ్యాను మలుపు తిరిగే దాకా కూడా నిలబడలేదు, చలిగా ఉందని లోపలికి వెళ్లిపోయాడు. గిటారు మాత్రం తనతో ఎడ్మంటన్‌కి, కూతురి దగ్గరికి తీసుకెళ్లాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్న కుటుంబం ఉంది. శనివారం మధ్యాహ్నాలు నేను హాయిగా పడుకోవచ్చు. పడుకుంటాను కూడా. కానీ నిద్ర పట్టదు.

అప్పుడప్పుడూ ఆయన వీడియో కాల్ చేస్తాడు. మంచం అంచున కూర్చుని, ఆ ఎర్ర గిటారు మీదికి వంగి, దవడ దాని చెక్కకి ఆనించి వాయిస్తాడు. అలా చేస్తే ఎముకల గుండా ఎంతో కొంత వినపడుతుందట. ఆంప్లిఫయర్ లేని గిటారు కదా, ఫోన్‌లో ఇటు మాకు గాలి చప్పుడు తప్ప ఏదీ రాదు. పోయిన వారం అలాగే ఒక పాట పూర్తిచేసి, దవడ తీయకుండానే కళ్లు మాత్రం పైకెత్తి అడిగాడు.

"ఎలా ఉంది?"

"నాకేమీ వినపళ్లేదు అంకుల్" అన్నాను.

"మంచిది" అన్నాడు, ఇంకో పాట మొదలుపెట్టాడు.