మా అత్త డైపర్లలోంచి తీసిన పొడి

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క మీ దగ్గరికి తెచ్చాను. ఆమదాలవలసలో ధాన్యం బస్తాలెత్తే కళాసీలంతా కలిసి పట్టినా కదలని బరువది. తూకానికి మాత్రం చారెడు తెల్లపొడి.

మంచం పట్టిన మా అత్త, అంటే నా భార్య తల్లి, విజయనగరంలో మా ఇంట్లోనే ఉండేది. ఆవిడకి డైపర్లు తెచ్చేది నేనే. వాటి దూదిలో పంచదారలాంటి పలుకులుంటాయని, తడి తగిలితే పీల్చుకుని జిగురుముద్దలా ఉబ్బుతాయని ఓరోజు కనిపెట్టాను. కనిపెట్టినవాణ్ణి ఊరుకున్నానా? పెళ్లిళ్లలో మాంత్రికుణ్ణయిపోయాను. స్టీలు గ్లాసులో పొడి, పైన నీళ్లు, కాసేపు కబుర్లు, ఆనక బావమరిది బట్టతల మీద గ్లాసు బోర్లింపు. చుక్క రాలదు! నౌపడ ఉప్పు గుప్పెడు కలిపితే ముద్ద కరిగి నీళ్లు మళ్లీ ప్రత్యక్షం. చప్పట్లకి పందిరి ఎగిరి సముద్రంలో పడేది. కొంచెం పెంచాను. కొంచెమే.

పొడి మాత్రం అత్తది. డైపరు వెనక బ్లేడుతో కోసి, దులిపి, దూది సర్ది, ప్లాస్టరు అంటించి మళ్లీ ప్యాకెట్లో పెట్టేవాణ్ణి. నాకోసం వేరే ప్యాకెట్ కొనుక్కోలేనా? కొనగలను. దొంగచాటుగా తీస్తేనే సరదా అనుకున్నానేమో.

పక్క తడవడం మొదలైంది.

"ఏటమ్మా ఇది? మళ్లీ తడిపీసినావా? అన్నేసి నీళ్లు ఎందుకు తాగుతన్నావు?" నా భార్య కసిరింది.

"నానేటి సేసీదే? నాకు తెలీకుండానే అయిపోతన్నాది," అంది అత్త, గోడవైపు తిరిగిపోయి.

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఎందుకు అనలేదు? నలుగురినీ నవ్వించేవాడినన్న పేరు పోతుందనా?

మర్నాడు నేను గ్లాసు అందిస్తే అత్త తల అడ్డంగా ఊపింది. "వద్దు బాబూ, దాహం నేదు." పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఇది పెంచి చెప్పడం లేదు.

బ్లేడు పారేశాను. కొత్త ప్యాకెట్లు తెచ్చాను. పక్క పొడిగా ఉంది. అది చూసి అత్త, నీళ్లు మానేసినందుకే ఒళ్లు మాట వింటోందని నమ్మింది. అప్పట్నుంచి ఎంత బతిమాలినా గుక్కెడు మించి తాగలేదు. ఆ నమ్మకం పోవాలంటే నేను నిజం చెప్పాలి. చెప్పలేదు. పోయేదాకా అలాగే, నాలుక తడుపుకుంటూ గడిపింది.

'అమ్మని ఊరికే కసిరేను' అని నా భార్య ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటుంది. పక్కనే కూర్చుని ఓదారుస్తాను. ఎలా ఓదార్చగలుగుతున్నాను?

రేపు ఆమెకి చెప్పగలనో లేదో తెలీదు. మీకు చెప్పాను. ఆ పొడి నేనే తీశాను.