చుట్టాలు కూర్చోలేని కుర్చీ

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను డిప్యుటేషన్ మీద ఎమ్మిగనూరుకు పంపారు. అప్పటికి నేను చేనేత విభాగంలో సీనియర్ డిజైనర్‌ని. డిజైనర్ అనగానే చీర అంచులూ బుటాలూ గీసే మనిషి అనుకుంటారు జనం. నా పని మగ్గాలు, రాట్నాలు, వాటి ముందు కూర్చునేవాళ్ల నడుములు. ఈసారి అప్పగించింది ఒక కుర్చీ. మగ్గం ముందు వేసుకోవడానికి పనికిరావాలి, తక్కువ కలప పట్టాలి, మామూలు వడ్రంగి చేయగలగాలి.

ఏ నమూనా అయినా ముందు ఒక్క ఇంట్లో వాడించి చూడటం మా పద్ధతి. ఆ ఇల్లు ఈరన్నది. చిన్నప్పటి నుంచీ గుంటమగ్గంలో కాళ్లు దించుకుని నేసిన మనిషి. నడుము పట్టేస్తే ఆదోని డాక్టరు ఇక గుంటలోకి దిగొద్దన్నాడు. నేల మీద నిలిచే స్టాండు మగ్గం వేయించుకున్నాడు గానీ, దానికి అడ్డంగా కట్టిన పలక మీద మధ్యాహ్నం దాకా కూర్చోవడమే గగనమైపోయింది.

“ఈ కుర్చీ కూడా కుదరకపోతే మగ్గం ఇప్పేస్తా మేడమ్,” అన్నాడు మొదటి రోజే. “ఆదోని జిన్నింగ్ మిల్లులో వాచ్‌మన్ పని సూసి పెట్టినాడు మా బామ్మర్ది. నాకైతే పోబుద్ధి కాదు.”

కొలతలు తీసుకున్నాను. మోకాలి మడత నేలకు ఎంత ఎత్తులో ఉంది, తెగిన పోగు అతికించడానికి ఎంత ముందుకు వంగుతాడు, అడ్డపోగు మోసే నాడె విసిరేటప్పుడు మొండెం ఎటు తిరుగుతుంది. మేము ఎర్గోనామిక్స్ అని గొప్పగా చెప్పుకునేది ఇంతే. వస్తువు కోసం మనిషి వంగకుండా, మనిషి కోసం వస్తువును వంచడం. ఆదోనిలో మహబూబ్ అనే వడ్రంగి దాన్ని టేకుతో చేశాడు. నాలుగు సన్నని కాళ్లు, నడుముకు ఆనే చిన్న వీపు, మోచేతికి అడ్డం రాకుండా చేతులు లేవు. నిజం చెప్పొద్దూ, నాకే ముద్దొచ్చింది.

కొన్నాళ్లాగి వెళ్లాను. కుర్చీ ఎలా ఉందంటే, “శానా బాగుంది మేడమ్,” అన్నాడు. నడుమెలా ఉందంటే, “అట్లే ఉంది,” అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. కుర్చీ బాగుంటే నొప్పి ఎందుకు తగ్గదు? కొలత ఎక్కడ తప్పిందో అని టేపు తీశాను. తీరా చూస్తే ఆ కుర్చీలో కూర్చున్నది నేనే. ముందు గదిలో ఫ్యాను కింద వేసి, పైన ఉతికిన తువ్వాలు పరిచి మరీ కూర్చోబెట్టారు. లేచి తువ్వాలు ఎత్తి చూశాను. మగ్గం దగ్గరుండే ప్రతి వస్తువుకూ దూది నూగు పట్టుకుంటుంది. దీనికి ఒక్క పోచ లేదు.

దీన్ని మగ్గం దగ్గర వేయలేదా అని ఈరన్న భార్య శంకరమ్మను అడిగాను. ఆమె నావైపు వింతగా చూసింది.

“ఏసినాం మేడమ్. ఎవురో ఒకరు వస్తానే ఉంటారు గదా. నూలిచ్చే సావుకారొస్తాడు, పెద్దమనుషులొస్తారు. వాళ్లను నిలబెట్టి ఈయన కుర్చీలో కూసుంటే నలుగురూ ఏమనుకుంటారు? ఊరికే ఈడికీ ఆడికీ మోసేది ఎందుకని ఈడే పెట్టినాం.”

“మరి ఆయన?”

“ఆయన పలక మీదనే.”

కోపం పోయి ఆసక్తి పుట్టింది. పలక మీద కూర్చున్నప్పుడు సావుకారు వస్తే లేస్తాడా అని అడిగాను. లేవడట. మగ్గంలో ఉన్న మనిషిని ఎవరూ లెమ్మనరట. అంటే పలక మగ్గంలో భాగం, కుర్చీ ఇంట్లో మర్యాద. నేను చేసిచ్చింది వచ్చినవాళ్లకు వేసే వస్తువన్నమాట.

ఆ కుర్చీని వాళ్లకే వదిలి, మళ్లీ ఆదోని వెళ్లి మహబూబ్‌ను ఇంకొకటి చెయ్యమన్నాను. ఈసారి వీపు తీసెయ్యమన్నాను, కాళ్లూ తీసెయ్యమన్నాను.

“అప్పుడు కుర్చీ యాడుంటాదమ్మా?” అన్నాడు.

ఉండకూడదనే కదా నా బాధ. మగ్గం గుంజలకు బోల్టులతో బిగించే ఒక్క ఆసనం మిగిలింది. దాన్ని ముందుకు కాస్త వాలుగా పెట్టించాను. అలా వాలితే తొడలు కిందికి దిగి నడుము తనంతట తానే నిటారుగా నిలుస్తుంది. కాళ్లు తొక్కుడు చెక్కల మీద ఆని ఉంటాయి కాబట్టి నేసే మనిషి జారడు. బిగించాక కాళ్లు ఆనించకుండా కూర్చుని చూడబోయి సర్రున జారి గుంజ పట్టుకున్నాను. శంకరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఇంక దీంట్లో చుట్టాలు కూసోరులే,” అంది.

దసరా దాటాక చివరి తనిఖీకి వెళ్లాను. వీధిలోకే మగ్గం చప్పుడు వినిపించింది. ఆసనం నిండా దూది నూగు. ఈరన్న నన్ను చూసి తలూపాడు గానీ చెయ్యి ఆపలేదు. నొప్పి పూర్తిగా పోలేదనీ, సాయంత్రం దాకా నేయగలుగుతున్నాననీ చెప్పాడు. మిల్లు పనికి వేరేవాణ్ని చూసుకొమ్మని బామ్మర్దికి కబురు పంపాడట. ముందు గదిలోని టేకు కుర్చీలో సావుకారు కూర్చుని ఉన్నాడు. నాకు మరో కుర్చీ లేదు.

“ఏమనుకోవద్దు మేడమ్, నిలబడే మాట్లాడండి,” అన్నాడు ఈరన్న.

నిలబడే నోట్సు రాసుకున్నాను, సంతోషంగానే. అప్పటి నుంచీ, కూర్చునే మనిషి మోకాలు కొలవడానికి ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: మీరు ఎవరెవరు వస్తే లేస్తారు?