కొట్టేసిన మూడు సున్నాలు

చేవెళ్ల బడిలో నేను లెక్కల ఉపాధ్యాయుణ్ణి. ఆ ఏడు సైన్స్ టీచర్ సెలవులో ఉన్నందున, మొయినాబాద్‌లో జరిగే విజ్ఞాన ప్రదర్శనకు పిల్లలను సిద్ధం చేసే పని నాకు అప్పగించారు.

ఆలూరు నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి సూర్యుని పొరలను ఎంచుకున్నది. వాళ్ళ చేనులోని పెద్ద బీట్‌రూట్‌ను అడ్డంగా కోసి తెచ్చింది: నడుమ కేంద్రకం, చుట్టూ వికిరణ మండలం, ఆపైన సంవహన మండలం. తొక్కను గోటితో గీకి, "మనకు కనబడే సూర్యుడు గింతే సార్, ఈ తోలు" అన్నది. నాకు నచ్చింది, నచ్చిందని చెప్పలేదు. స్కేలు పెట్టి కొలిచి, కేంద్రకం వ్యాసార్ధంలో నాలుగో వంతు ఉండాలి, మూడో వంతు ఉన్నదన్నాను.

"బీట్‌రూట్‌కు ఆ లెక్క తెల్వదు గద సార్" అని నవ్వింది.

తర్వాత ఉష్ణోగ్రతల చార్టు చూశాను. కేంద్రకం కోటిన్నర డిగ్రీలు. కనిపించే తేజోమండలం అయిదున్నర వేలు. వర్ణమండలం దాటాక, అన్నిటికన్నా బయట ఉండే కరోనా పది లక్షలు. తగ్గుతూ వచ్చిన వరుస చివర అంతగా పెరగడం నాకు పొరపాటుగానే తోచింది.

"పొయ్యికి దూరం జరిగితే వేడి తగ్గుతదా, పెరుగుతదా?"

"తగ్గుతది సార్. కానీ లైబ్రరీ పుస్తకంల గట్లనే ఉన్నది."

"సున్నాలు ఎక్కువ పడ్డయి."

ఎర్ర సిరాతో మూడు కొట్టేశాను. పుస్తకం తెచ్చి చూపిస్తానన్నది. అవసరం లేదని, చార్టు మళ్ళీ రాయించాను.

ప్రదర్శనలో న్యాయనిర్ణేత ఆ అంకె దగ్గరే ఆగాడు. "కరోనా వెయ్యి డిగ్రీలా? ఎవరు చెప్పిన్రమ్మా?"

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆమె నావైపు చూడలేదు.

"నేనే తప్పు రాసిన సార్."

ఆయన కాగితం మీద ఏదో గీసుకొని పక్క బల్లకు కదిలాడు. నోరు తెరవడానికి నాకు చాలినంత వ్యవధి ఉన్నది. తెరవలేదు.

తిరుగు బస్సులో, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అందరి ముందట మిమ్మల్ని ఎట్లంట సార్?"

ఆనాటి నా డైరీలో బస్సు ఎక్కిన వేళ, దిగిన వేళ ఉన్నాయి. ఈ మాట లేదు.

మరునాడు లైబ్రరీలో ఆ పుస్తకం తీశాను. పది లక్షలే. అంత వేడి ఎందుకో శాస్త్రజ్ఞులకూ ఇంకా పూర్తిగా తేలలేదని ఆ కిందనే ఉన్నది. ఆమె అంకె సరైనదని, దిద్దిన నేనే తప్పు చేశానని తరగతిలో చెప్పాలనుకున్నాను. సిలబస్ వెనుకబడిందని మరో రోజుకు వాయిదా వేశాను. ఆ రోజు రాలేదు.

మరుసటి ఏడు ప్రదర్శనకు పేర్లు అడిగితే ఆమె చేయి ఎత్తలేదు. ఎందుకని నేనూ అడగలేదు.