రోలర్లు విప్పే వేళకు చాయ్

మెదక్ బస్టాండు దగ్గరి బ్యూటీ పార్లర్‌లో పదకొండు నెలలు పని నేర్చుకున్నాను. పార్లర్ అక్క నేర్పలేదని అనను. దువ్వెన తోకతో తడిజుట్టును పాయలు తీయడం, చివర్లు మడతపడకుండా రోలర్‌ను మాడు దాకా చుట్టడం, పిన్ను గుచ్చడం, డ్రయ్యర్ కింద కూర్చోబెట్టడం, అన్నీ నేర్పింది. మొదటిరోజు నా చుట్టుడు చూసి, "బొక్కెనకు తాడు కడుతున్నవా పిల్లా?" అని గిరాకీల ముందే అంది. అది వేరే సంగతి. మరిచిపోలేదు.

జుట్టు ఆరి రోలర్లు విప్పే వేళకు మాత్రం, "జెర చాయ్ తేపోవే" అనేది. నేను గ్లాసులతో వచ్చేసరికి ఎదుటామె తల నిండా ఉంగరాల జుట్టు. ఇంట్లో చెల్లెకు నేను చుట్టి విప్పితే గడ్డివాము. విప్పడం రాకపోతే సొంతంగా పార్లర్ పెట్టలేను. ఆ సంగతి నాకంటే ముందే అక్కకు తెలుసు.

తెలంగాణ ఉద్యమం రోజులు. ఒక బంద్‌నాడు అక్క చేగుంటలో తల్లిగారింట చిక్కుకుపోయింది. బస్సుల్లేవు. షట్టర్ సగం దించి నేనొక్కదాన్నే ఉన్నాను. మధ్యాహ్నం ఒక పెండ్లిపిల్ల తల్లితో వచ్చి కూర్చుంది. సాయంత్రం రిసెప్షన్.

"బంద్‌ల ఫంక్షనా?" అన్నాను.

"హాలు మా ఇంటెనకనే. అందరు నడిచొస్తరు తీ," అంది తల్లి.

దేవుడిచ్చిన తల అనుకుని చుట్టాను. చివరి పిన్ను గుచ్చగానే కరెంటు పోయింది. డ్రయ్యర్ లేదు. ఎదురుగా నడిరోడ్డు మీద ఉద్యమకారుల వంటా వార్పూ నడుస్తోంది. రాళ్ల పొయ్యిలు, పెద్ద గంజుల్లో అన్నం. కుర్చీ తీసుకెళ్లి పొయ్యి పక్కన వేసి పెండ్లిపిల్లను కూర్చోబెట్టాను.

గరిట పట్టుకున్న పెద్దమనిషి ఆగిపోయాడు. "నెత్తి మీద గవేంది బిడ్డా?"

"పెండ్లిపిల్ల అన్నా. జుట్టు ఆరాలె."

"జరుగుండ్రి, పెండ్లిపిల్లకు జాగియ్యిండ్రి!" అని అరిచాడు. జనం నినాదమిస్తే పెండ్లిపిల్ల కూడా చెయ్యెత్తి "జై తెలంగాణ" అంది. రోలర్లతో సహా తలంతా ఊగింది. నాకు ప్రాణం పోయింది.

జుట్టు ఆరింది. పార్లర్‌లోకి వచ్చాం. తల్లి "ఇగ ఇప్పు పిల్లా, టైమైతున్నది" అంటోంది. "జెర ఆగుండ్రి" అంటూ నేను అద్దం తుడుస్తున్నాను. తుడిచిన అద్దమే మళ్లీ తుడుస్తుంటే, ఎవరిదో మోటార్ సైకిల్ మీద అక్క దిగింది. రోలర్లను వేళ్లతో కదిపి చూసింది. ఒక్కటీ కదల్లేదు.

"చాయ్ తేపో."

"బంద్ అక్కా. హోటళ్లు మూసిండ్రు."

"గా పొయ్యికాడ పెడుతున్నరు గద."

నేను కదిలేలోపే తలుపు పరదా బయటినుంచి గొంతు వినిపించింది. "అమ్మా, పెండ్లిపిల్లకు చాయ్. మీక్కూడ తెచ్చిన." గరిట పెద్దమనిషి.

అక్క నా వైపు చూసింది. నేను గోడకానుకుని నిలబడ్డాను. ఇక పంపడానికి పని దొరకలేదు.

ముందు చాయ్ తాగింది. పొయ్యి వేడి జుట్టులోంచి పూర్తిగా పోయేదాకా ముట్టలేదు. తర్వాత మెడ దగ్గరినుంచి మొదలుపెట్టి, గుంజకుండా ఒక్కో రోలర్‌నూ వెనక్కి దొర్లించింది. దువ్వెన పెట్టలేదు, వేళ్లతో విడదీసింది. అంతే. నేను చెల్లె జుట్టును వేడిమీదే విప్పి, బరబరా దువ్వేదాన్ని. ఈ రెండు ముక్కల కోసం పదకొండు నెలలు చాయ్‌లు మోశాను.

"మస్తుగున్నది. ఎవరు చేసిండ్రు?" అంది పెండ్లిపిల్లను తోలుకపోవడానికి అప్పుడే వచ్చిన మేనత్త.

"నేనే," అంది అక్క. "ఈ పిల్ల చాయ్ తెస్తది."

ఆ రోజు చాయ్ కూడా నేను తేలేదు.

అందుకే సొంత పార్లర్ పెట్టేనాడు అద్దె మడిగె కోసం ఊరంతా తిరగలేదు. అక్క తన కుర్చీలో కూర్చుంటే నా బోర్డు కనిపించేది ఒకటి చూసుకున్నాను.