ఏలీయా మేస్త్రీ పడగొట్టని గది

తర్లుపాడు చుట్టుపక్కల ఇల్లు కట్టే మేస్త్రీ వీధికొకడు దొరుకుతాడు. పడగొట్టే మేస్త్రీ కావాలంటే మాత్రం ఏలీయా ఇంటికే పోవాలి. యాభై ఆరేళ్ల మనిషి, గట్టి ఎముక. చిన్నతనంలో తండ్రి వెంట పలకల గనికి పోయి, రాతి పొర చూసి ఎక్కడ ఉలి పెడితే ఎక్కడ విడిపోతుందో నేర్చుకున్నాడు. ఆ విద్యే తర్వాత గోడలకు పనికొచ్చింది. వేలి కణుపుతో గోడను రెండుసార్లు కొట్టి, "ఇది ఇట్ల పడుద్ది" అన్నాడంటే అది అట్లాగే పడేది.

అయితే కట్టించినవాడి పేరు గుమ్మం మీద చెక్కుతారు గాని, పడగొట్టినవాడి పేరు ఎక్కడ చెక్కుతారు? అందుకని ఏలీయాకు పేరు తెచ్చిపెట్టింది గోడలు కావు, ఒక దయ్యం. ఆ దయ్యం సంగతి ముందు చెప్పుకోవాలి.

పదిహేనేళ్ల కిందట కొనకనమిట్ల దగ్గర ఒక పల్లెలో పాతకాలపు మిద్దె పడగొడుతున్నారు. మధ్యాహ్నం కూలివాళ్లంతా అన్నాలకు పోయారు. ఏలీయా ఒక్కడే ఉన్నాడు. లోపలి చీకటి గదిలోంచి ఏదో మూలిగింది. ఏలీయా "యేసయ్యా!" అని ఊరదిరేట్టు కేక పెట్టి రోడ్డు దాకా ఒకటే పరుగు. అతని వెనకే పగిలిన కుండలో తల ఇరుక్కున్న మేక ఒకటి బయటికొచ్చి, గోడకు కొట్టుకుని, కుండ వదిలించుకుని, ఏలీయా రోడ్డు మీంచి చూస్తుండగానే తన దారిన తాను పోయింది. కూలివాళ్లు వచ్చి ఏమైందని అడిగితే ఏలీయా ఇట్లా చెప్పాడు: "లోపల ఏందో మూలిగింది. ప్రభువు పేరు పెట్టి అరిచినా. బయటికి పోయింది."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మేకను చెప్పకపోవడమే లోటు.

ఆదివారానికి ఆ మాట గుడికి చేరింది. పాస్టరు గారు మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. ఏలీయా మూడు ముక్కలు చెప్పాడు, మిగతాది పాస్టరు గారే చెప్పారు. ఆనాటి నుంచి ఏలీయాకు గుడిలో ముందు వరసలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఊళ్లో "దయ్యాన్ని తరిమిన ఏలీయా" అన్న పేరు వచ్చాయి. మనిషికి పేరు వచ్చాక దాన్ని మోయాలి కదా. పొద్దుగూకితే చెరువు కట్ట మీద నడవడానికి జంకే మనిషి, చిమ్మెట అరిస్తే ఉలిక్కిపడే మనిషి, పదిహేనేళ్లపాటు ఆ పేరును పగలు మాత్రమే మోస్తూ వచ్చాడు.

ఇక లాడ్జి సంగతి. మార్కాపురం బస్టాండు వెనక సందులో సౌభాగ్య లాడ్జి అని రెండంతస్తుల బిల్డింగు ఉండేది. కింద ఆరు గదులు, పైన ఆరు. పైన మూలకున్న తొమ్మిదో నంబరు గదిలో పద్నాలుగు నెలల్లో ముగ్గురు పోయారు. మొదట ఎరువుల కంపెనీ ఉద్యోగి, తర్వాత పెళ్లికొచ్చిన ఒక రిటైర్డు పంతులు, ఆ తర్వాత కోర్టు పనిమీద దర్శి నుంచి వచ్చిన రైతు. ముగ్గురూ రాత్రి పడుకున్నవాళ్లు తెల్లారి లేవలేదు. ఒంటి మీద గాటు లేదు, కడుపులో విషం లేదు. పోలీసులు గది గాలించి చూశారు. డాక్టర్లు కాగితాల నిండా రాసి, చివర్లో కారణం తెలియలేదన్నారు.

డాక్టర్లకు తెలియనిది ఊళ్లో అందరికీ తెలిసింది. కింద పూడ్చిన బావి ఉందన్నారు ఒకరు. ఈశాన్యంలో లెట్రిన్ కట్టాడన్నారు ఇంకొకరు. యజమాని వెంకటసుబ్బయ్య హోమం చేయించాడు, గుమ్మడికాయ కట్టించాడు. అది చాలక గది నంబరు తొమ్మిది తీసేసి పదమూడు అని రాయించాడు. పదమూడు ఎంత చెడ్డదో ఎవరో చెప్పాక మళ్లీ తొమ్మిది రాయించాడు. అప్పటికే లాడ్జిలో దిగేవాడు లేడు. సరే, పడగొట్టించి షాపులు కట్టిద్దామని జేసీబీని పిలిపిస్తే, అది సరిగ్గా లాడ్జి ముందుకు వచ్చి ఆగిపోయింది. డీజిల్ అయిపోయిందని డ్రైవరు మొత్తుకున్నాడు. ఎవడు వింటాడు? ఆ సాయంత్రానికే యంత్రానికి కూడా భయం పుట్టిందని గిద్దలూరు బస్సుల్లో చెప్పుకున్నారు. మార్కాపురంలో ఒక్క మేస్త్రీ కూడా ఆ పనికి ఒప్పుకోలేదు.

వెంకటసుబ్బయ్య కారేసుకుని తర్లుపాడు వచ్చాడు.

"ఏలీయా, మీ వాళ్లకు దయ్యాలు అంటవంట గదా. పైగా నువ్వు ఒకదాన్ని తరిమినోడివి. నువ్వే చెయ్యాల," అన్నాడు.

గుమ్మంలో భార్య కరుణమ్మ నిలబడి వింటోంది. అరుగు మీద గుడి పెద్దలు ఇద్దరు కూర్చుని వింటున్నారు.

"మాకేం భయం సుబ్బయ్యన్నా," అన్నాడు ఏలీయా. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు. తల పెట్టేటప్పుడు వెరవాలని మాత్రం ఎవరూ చెప్పరు.

పని మొదలైంది. పన్నెండు మంది కూలీలు, వాళ్లతో ఇటుకల సున్నం గీకి పేర్చడానికి కరుణమ్మ. ఏలీయా తొమ్మిదో నంబరుకు దూరంగా ఉన్న కొసన మొదలుపెట్టాడు. ఆరో రోజుకు పైన అయిదు గదులు లేవు. పదో రోజుకు మెట్లు లేవు. పన్నెండో రోజుకు కింది గదుల గోడలన్నీ లేచిపోయాయి. తొమ్మిదో నంబరు మాత్రం అట్లాగే ఉంది.

"దీన్ని ఎప్పుడు పట్టుకుందాం మామా?" అని అతని కుడిభుజం లాంటి కూలీ యల్లయ్య రోజూ అడిగేవాడు.

"బరువంతా దాని మీదే ఉండాది. దాన్ని ఆఖర్న తీయాల," అనేవాడు ఏలీయా. మొదట్లో అది నమ్మదగ్గ మాటే. చుట్టూ ఏమీ మిగలకపోయాక, దాని మీద ఏ బరువుందో చెప్పడం కష్టమైంది.

ఇప్పుడు మార్కాపురంలో చూడవలసిన వింతల్లో అదొకటైంది. నాలుగు స్తంభాల మీద, నేలకు పన్నెండు అడుగుల ఎత్తున, గులాబీరంగు గది ఒకటి. తలుపు నేరుగా గాలిలోకి తెరుచుకుంటుంది. తలుపు మీద 9. బస్టాండులో దిగినవాళ్లు దాన్ని చూడకుండా పోవడం లేదు. ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. ఎవరో స్తంభాలకు నిమ్మకాయలు కట్టారు. ఎవరో కింద కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రీ ఎంత కొట్టినా ఆ గది పడడం లేదని ఊరంతా అనుకుంటోంది. మేస్త్రీ దాన్ని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదన్న సంగతి అడిగినవాడు లేడు.

బుధవారం మిట్టమధ్యాహ్నం వెంకటసుబ్బయ్య వచ్చాడు. మరునాడే శంకుస్థాపన. ముహూర్తం కాగితం చేతిలో ఉంది, కోపం మొహంలో ఉంది. గుంపులో తర్లుపాడు గుడివాళ్లు కూడా ఉన్నారు. సంతకు వచ్చి, తమ ఏలీయా ప్రతాపం చూసిపోదామని ఆగారు.

"పొద్దుగూకేలోగా పడాల. లేదంటే నీకు చేతకాదని చెప్పు, పోతాను," అన్నాడు వెంకటసుబ్బయ్య అందరి ముందూ.

"ముందు లోపలి మంచం, ఫ్యానూ దించాల మామా. ఎవరు ఎక్కేది?" అన్నాడు యల్లయ్య. కూలీలు పన్నెండు మందీ మేస్త్రీ వంక చూశారు. దయ్యాన్ని తరిమినవాడు ఉండగా మామూలు మనుషులు ఎక్కడం మర్యాద కాదు కదా.

ఏలీయా నిచ్చెన తెచ్చి ఆనించాడు. అది కదలకుండా ఒకసారి సర్దాడు. మళ్లీ సర్దాడు. కాళ్లు కదలలేదు. పదిహేనేళ్ల పేరు, ముందు వరస కుర్చీ, అన్నీ ఆ మొదటి మెట్టు దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఇంకొక్క నిమిషం అట్లాగే నిలబడితే ఊరికంతా తెలిసిపోతుంది. తెలిసిపోనీ అనుకున్నా కాలు లేవడం లేదు. పాపం, ఆ సమయంలో అతన్ని చూస్తే ఎవరికైనా జాలి వేసేది. అయితే జనం చూస్తున్నది అతన్ని కాదు, గదిని.

కరుణమ్మ చేతిలోని ఇటుక కింద పెట్టింది. చీర కుచ్చిళ్లు ఎగదోపింది. "పక్కకు జరుగు," అని మొగుణ్ని భుజంతో తోసి, నిచ్చెనెక్కి, తలుపు నెట్టి లోపలికి పోయింది. తలుపు దానంతటదే మూసుకుంది.

అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది.

"కరుణత్తా!" అని కేకేశాడు యల్లయ్య. జవాబు లేదు. ఇంకా గట్టిగా కేకేశాడు. లేదు.

"నాలుగో మనిషి," అన్నారెవరో మెల్లగా. ఆ మాట గుంపులో ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి వచ్చేసరికి శవంగా మారింది. గుడివాళ్లలో ఒకావిడ శోకాలు మొదలుపెట్టింది. ఒకడు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వెంకటసుబ్బయ్య ముహూర్తం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అక్కడే ఇటుకల మీద కూలబడ్డాడు.

ఏలీయా నిచ్చెన ఎప్పుడెక్కాడో అతనికి తెలియదు. సగం దాకా వచ్చాక ఒక చెప్పు జారి కింద పడితే, తాను నిచ్చెన మీద ఉన్నట్టు తెలిసింది. మనసులో దయ్యం లేదు, పేరు లేదు. కరుణ, కరుణ, కరుణ, అంతే ఉంది. భుజంతో తలుపును గుద్ది లోపల పడ్డాడు.

కరుణమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. నోరు తెరుచుకుని ఉంది. ఏలీయా ఆమె పాదాలు పట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. అప్పుడు వినిపించింది గురక. చుట్టూ గోడల అడ్డం లేక, కిటికీలోంచి గాలి ఏటిగట్టు మీద వీచినట్టు వీస్తోంది. ఇన్ని రోజులుగా ఎండలో కూర్చుని ఇటుకలు గీకిన మనిషి, అయిదు నిమిషాలు నడుం వాలుద్దామని వాలింది.

ఏలీయా నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ చప్పుడుకు ఆమె కళ్లు తెరిచింది.

"నువ్వెట్ల వచ్చినావు ఈడికి?" అంది. తర్వాత అతని మొహం చూసింది, బయటి శోకాలు విన్నది. "ఓయమ్మో. నువ్వు నిచ్చెనెక్కాలంటే నేను చావాల్నా ఏంది?"

అద్దం వెనక ఇరుక్కుని ఎవరిదో దువ్వెన ఉంది, పళ్లలో రెండు నెరిసిన వెంట్రుకలతో. పంతులుదై ఉంటుంది. ఏలీయా దాన్ని చాలాసేపు చూశాడు. ఇన్నాళ్లూ ఈ గదిలో దయ్యాలున్నాయని వణికాడు గాని, పెళ్లికి పోదామని తల దువ్వుకున్న మనిషి ఒకడు ఉన్నాడని అతనికి తట్టలేదు. సిగ్గేసింది. దువ్వెనను జేబురుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఇద్దరూ బయటికి వచ్చారు. పన్నెండు అడుగుల ఎత్తున గుమ్మంలో కరుణమ్మ నిలబడి జడ ముడి వేసుకుంటుంటే, కింద గుంపు ఒక్కసారిగా వెనక్కి జరిగింది.

"లేచింది," అన్నారు. "లేపినాడు."

"లేపేదేందిరా? నిద్రపోయింది," అన్నాడు ఏలీయా పైనుంచి.

"దేవుని మనుషులు అట్లనే అంటారు," అంది శోకాలు పెట్టినావిడ కళ్లు తుడుచుకుంటూ. "చచ్చినోళ్లను లేపి, నిద్రపోయిందనే చెప్తారు."

కూలీలు మంచం, ఫ్యానూ దించాక ఏలీయా నిచ్చెన దిగి, సమ్మెట తీసుకుని, మళ్లీ ఎక్కి, మొదటి దెబ్బ తానే వేశాడు. సాయంత్రం అయిదు గంటలకల్లా తొమ్మిదో నంబరు గది ఇటుకల కుప్ప అయిపోయింది. ఆ ముగ్గురూ ఎందుకు పోయారో అప్పటికీ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

గురువారం పొద్దునకల్లా ఏలీయా ఇంటి ముందు ఆటోలు నిలిచాయి. పక్షవాతం వచ్చినవాళ్లు, పిల్లలు లేనివాళ్లు, పాలివ్వని బర్రెను తోలుకొచ్చినవాడొకడు. "నా చేతిలో ఏం లేదయ్యా, నేను పడగొట్టేవాణ్ని," అని చేతులు జోడిస్తే, జోడించిన చేతులనే పట్టుకుని నెత్తిన పెట్టుకున్నారు.

ఇక భరించలేక ఆదివారం గుడిలో తానే మైకు అడిగి తీసుకున్నాడు. "నేను పిరికోణ్ని," అన్నాడు. "నాకు చీకటంటే భయం. కొనకనమిట్లలో వచ్చింది దయ్యం కాదు, మేక. నేనే ముందు పరిగెత్తినా. ఈమె చావలేదు, నేను లేపలేదు. ఆ కుర్చీ నాకొద్దు."

ఏలీయాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది.

పాస్టరు గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు. "చూసినారా తగ్గింపు? ఎంత చేసిన మనిషి, ఎంత తగ్గించుకుంటా ఉండాడో," అన్నారు. జనం స్తోత్రం అన్నారు. "మేక రూపంలో వచ్చిందంట," అని వెనక వరసలో ఒకరు ఇంకొకరికి చెప్పారు. మరుసటి వారానికల్లా ప్లాస్టిక్ కుర్చీ పోయి, దాని స్థానంలో మెత్త కుర్చీ వచ్చింది.

ఇంటికొచ్చి ఏలీయా మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. కరుణమ్మ సంగటి పెట్టింది.

"నిజం చెప్తే ఒక్కడన్నా నమ్మలేదే," అన్నాడు.

"నాకు చెప్పాల్నా? ముప్పై ఏళ్లుగా రాత్రిపూట వాకిట్లోకి పోవాలంటే నన్ను లేపుతావు. నువ్వెంత మొగోడివో నాకు తెలీదా?"

"తెలిసి ఏనాడూ అనలేదే."

"అంటే ఏమొస్తాది?"

ఏలీయా చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. "మరి ఆరోజు ఆ గదిలోకి ఎందుకెక్కినావు నువ్వు?"

కరుణమ్మ పులుసు వడ్డిస్తూ తల ఎత్తలేదు.

"నువ్వు ఎక్కలేవని తెలిసే ఎక్కినా," అంది. "నువ్వు ఎక్కుతావని మాత్రం నేను అనుకోలా."