మస్కట్ మేడు

తొప్పూరు కనుమలో ఎత్తైన మేడు ఎక్కలేక లారీ మూలిగినప్పుడల్లా, నాయన మస్కట్‌కు పనికి పోయేనాటి టికెట్ గుర్తొస్తుంది. అందులోని వేళల ప్రకారం బెంగళూరు నుంచి మస్కట్‌కు రెండు గంటలు, తిరిగి రావడానికి ఐదు. అక్కడి గడియారాలు మనకంటే వెనకుంటాయని మా ఇద్దరికీ తెలియదు.

"దూరం ఒకటే గదా నాయనా, ఎందుకిట్లా?"

"అదే నాకూ తెలీలేదు కన్నా."

చాలాసేపు ఆలోచించి చెప్పాను. "వచ్చే దారి మేడు నాయనా, తొప్పూరు మాదిరి. నాకు బొమ్మకారు తేవద్దు. బరువుంటే విమానం ఎక్కలేక నిలిచిపోతుంది."

మూడేళ్ళకు నాయన ఒక్క చేతిసంచితో దిగాడు. "నువ్వు చెప్పినట్టే బరువు లేకుండా వచ్చినాను" అన్నాడు.

నాయన నా మాట విన్నాడని వీధంతా చెప్పుకు తిరిగాను. అమ్మ నన్ను లోపలికి ఎందుకు లాక్కెళ్ళిందో అప్పుడు అర్థం కాలేదు.